అద్దాల షాపులో సైట్ చూసేది ఎవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కంటి జబ్బుల ప్రశ్నల కంటే మనుషుల గురించిన ప్రశ్నలే ఎక్కువ. సైట్ చూసినాయన డాక్టరా కాదా, చుక్కల మందు ఇవ్వొచ్చా, బోర్డు పెట్టుకోవచ్చా అని. అందుకే ఈ నెల శుక్లాలు, షుగరు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. కొత్తగా ఈ పేజీ చదివేవాళ్లకి ఒక మాట: నేను డాక్టర్ని కాదు, ఆప్టోమెట్రిస్టుని. కర్నూల్లో 24 ఏళ్లుగా ఇదే పని. మొదటి మూడేళ్లు అద్దాల షాపులో, ఆ తర్వాత కంటి ఆసుపత్రిలో.

*మా బాబుకి తొమ్మిదేళ్లు. క్లాసులో బోర్డు కనపడలేదంటే ఇక్కడే ఒక అద్దాల షాపుకి తీసుకెళ్లాం. కంప్యూటర్‌లో చూసి రెండు కళ్లకీ మైనస్ 2.75 అని చెప్పి వెంటనే అద్దాలు చేసిచ్చారు. అవి పెట్టినప్పటి నుంచి తలనొప్పి అంటున్నాడు, పుస్తకం పట్టుకుంటే చదవలేనంటున్నాడు. ఆ షాపులో చూసిన అబ్బాయి డాక్టరేనా? అడగాలంటే మొహమాటంగా ఉంది.*
*– ఒక తల్లి, ఎమ్మిగనూరు*

కూరగాయల దగ్గర బేరమాడేటప్పుడు లేని మొహమాటం బిడ్డ కంటి దగ్గర ఎందుకమ్మా? "బాబూ, నువ్వేం చదివావు?" అని నేరుగా అడగండి. చదివినవాడైతే సంతోషంగా చెబుతాడు.

ముందు బాబు సంగతి చూద్దాం. మీరు కంప్యూటర్ అంటున్న మిషన్‌కి గడ్డం ఆనించి చూస్తే చాలావాటిలో పొడవాటి రోడ్డు, దాని చివర ఒక రంగుల బెలూన్ కనిపిస్తాయి. బొమ్మ దూరంగా ఉన్నట్టే ఉంటుంది గానీ, ఉండేది ముక్కు ముందున్న డబ్బాలోనే. పిల్లల కంట్లో లెన్స్ మెత్తగా ఉంటుంది, దగ్గరి వస్తువు అనుకుంటే ఇట్టే బిగుసుకుంటుంది. ఆ బిగువుని కూడా మిషన్ మైనస్ పవర్ కింద లెక్కేస్తుంది. అందుకే పిల్లలకి చుక్కల మందు వేసి, ఆ బిగువు సడలేదాకా కూర్చోబెట్టి, అప్పుడు రెటినోస్కోపు లైటు పట్టి చూస్తాం. మొన్న వేసవి సెలవుల్లో కోడుమూరు నుంచి ఎనిమిదేళ్ల పాప వచ్చింది. మిషన్ మైనస్ 2.50 చూపించింది. మందు వేసి గంట తర్వాత చూస్తే 0.75. పాప ముఖాన ఉన్న అద్దాలేమో 2.50వే. మూడు నెలలు వాటితోనే చదివిందా బిడ్డ. లేని పవర్ ముందు పెడితే కన్ను పొద్దస్తమానం బిగబట్టే చూడాలి. మీ బాబు తలనొప్పి కూడా ఇదే కావచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను.

ఇక ఆ అబ్బాయి ఎవరంటే, ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. పేర్లు మూడూ ఒకేలా ఉండటంతో జనం తికమకపడతారు. ఆప్తాల్మాలజిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత కంటి వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. జబ్బుకి మందు రాయడం, ఆపరేషన్ చేయడం ఆయన పని. ఆప్టోమెట్రిస్టు అంటే నాలాంటివాళ్లు, డిగ్రీ చదివి సైట్ చూసి అద్దాల నంబరు రాసేవాళ్లు. జబ్బు అనుమానం వస్తే పట్టుకుని డాక్టరు దగ్గరికి పంపాలి. ఆప్టీషియన్ ఆ నంబరు ప్రకారం అద్దం కోసి ఫ్రేములో బిగించే పనివాడు. ఇవి కాక నాలుగో రకం ఒకటుంది. మిషన్ బటన్ నొక్కి, బయటికొచ్చిన చీటీలో ఉన్నదే అద్దంగా చేసి ఇచ్చేవాడు. మన జిల్లాల్లో చాలా టెన్షన్ ఈ నాలుగో మనిషి దగ్గరే మొదలవుతోంది.

వీళ్లని వేరు చేయడానికే 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం అంటారు. ఆప్టోమెట్రిస్టు, కంటి డాక్టరుకి సాయపడే ఆప్తాల్మిక్ అసిస్టెంటు, ఊళ్లలోని విజన్ సెంటర్లలో కళ్లు చూసే విజన్ టెక్నీషియన్ ముగ్గురూ అందులో ఉన్నారు. చట్టం కేంద్రానిది, పేర్లు రాసుకునే రిజిస్టరు మాత్రం రాష్ట్ర కౌన్సిల్‌ది. ఆ రిజిస్టర్లో పేరున్నవాళ్లే ఈ పని చేయాలన్నది దాని సారాంశం. ఈ చదువు మన దేశంలో 1958లోనే మొదలైంది. మొదటి రెండు స్కూళ్లలో ఒకటి అలీగఢ్‌లో, రెండోది మన హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పెట్టారు. బ్రిటన్ వాళ్లు కళ్లద్దాల పనివాళ్ల మీద చట్టం చేసింది కూడా అదే 1958లో. మనకి చదువు నుంచి చట్టం రావడానికి 63 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో ఎవరు పడితే వాళ్లు సైట్ చూశారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బాబుని కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకురండి. పాత అద్దాలు, షాపువాళ్లిచ్చిన చీటీ రెండూ తెండి. "మందు వేసి చూడండి" అని అడగండి. మందు వేశాక ఆ రోజంతా, ఒక్కోసారి మర్నాడు కూడా, దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, ఎండకి కళ్లు తెరవలేడు. పరీక్షలున్న రోజు పెట్టుకోకండి, టోపీ ఒకటి తెచ్చుకోండి.

*శెనక్కాయ చెట్లు పీకుతుంటే మా నాయన కంట్లో కట్టె కొట్టుకుంది. కన్ను ఎర్రబడితే టౌన్లో అద్దాల షాపులో చూపించాం. "ఏం కాదు, ఇవి వేసుకో" అని చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజులు బాగుంది, ఎరుపు తగ్గింది. ఇప్పుడు నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చలా వచ్చింది, వెలుతురు చూడలేకపోతున్నాడు. అవే చుక్కలు ఇంకా వేయాలా?*
*– ఒక కొడుకు, కళ్యాణదుర్గం*

ఈ ఉత్తరం చదివిన నిమిషమే అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. అప్పటికే వాళ్లు అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్లారు. నల్లగుడ్డు మీద పుండు, అదీ బూజు వల్ల వచ్చినది అన్నారట. గంటగంటకీ మందు వేస్తున్నారు. చూపు ఎంత మిగులుతుందో డాక్టర్లు ఇంకా చెప్పలేదు. వాళ్ల అనుమతితోనే ఈ ఉత్తరం అచ్చు వేస్తున్నాం. ఎందుకంటే కోతలు మొదలైతే ప్రతి ఊర్లోనూ ఇలాంటి కన్ను ఒకటి ఉంటుంది.

ఆ సీసా పేరు ఫోన్లోనే చదివించుకున్నాను. అందులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ చుక్క పడితే ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది, మనిషి "బాగైంది" అనుకుంటాడు. కట్టె, ఆకు, జొన్న చొప్ప, వడ్లగింజ, ఏది తగిలినా దాంతోపాటు బూజు కంట్లోకి వెళ్లొచ్చు. ఆ బూజుతో పోరాడే ఒంటి శక్తినే స్టెరాయిడ్ అణచేస్తుంది. పైన ఎరుపు తగ్గుతుంటుంది, లోపల పుండు తింటూ పోతుంది. నెలల తరబడి వాడినవాళ్లకి ఇంకో ప్రమాదం కూడా ఉంది. కంటి ప్రెషర్ పెరిగి నీటికాసులు (గ్లకోమా) రావొచ్చు, శుక్లమూ రావొచ్చు.

అద్దాల షాపులో ఉన్నవాళ్లకి, వాళ్లు చదువుకున్న ఆప్టోమెట్రిస్టులైనా సరే, మన దేశంలో ఆ మందు రాసిచ్చే అధికారం లేదు. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ రాసిన చీటీ ఉంటేనే అమ్మాలని ఆ డబ్బా మీదే అచ్చు వేసి ఉంటుంది. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది కాబట్టి చెబుతున్నాను. ఆ మాటకి అర్థం మన ఊళ్లలో సూది వేసే ఆర్‌ఎంపీ కాదు. ఎంబీబీఎస్ లాంటి గుర్తింపు ఉన్న వైద్యం చదివి, మెడికల్ కౌన్సిల్లో పేరు నమోదైన డాక్టరు.

మరి షాపులో చదువుకున్న మనిషి ఉంటే ఏం చేసి ఉండాలి? నారింజ రంగు అద్దిన సన్నటి కాగితపు పట్టీ ఒకటి ఉంటుంది, ఫ్లోరెసిన్ స్ట్రిప్ అంటాం. దాన్ని తడిపి కనురెప్ప లోపల ఆనించి, నీలం లైటు వేస్తే, చర్మం లేచిన చోట పచ్చగా మెరుస్తుంది. చీకటి గదిలో ఆ పచ్చటి గీత ఒకసారి చూస్తే మరిచిపోలేం. అది కనిపిస్తే చుక్కలు ఇవ్వకుండా, కట్టు కట్టకుండా, చీటీ మీద "పంట కట్టె తగిలింది, నల్లగుడ్డు మీద గాయం" అని రాసి ఆ పూటే డాక్టరు దగ్గరికి పంపాలి. ఆ ఒక్క చీటీ వచ్చి ఉంటే మీ నాయనకి నాలుగు రోజులు కలిసొచ్చేవి.

ఇంట్లోవాళ్లకీ ఒక మాట. నలుసు పడితే నాలుకతో తీయించుకోవడం, ఆకు పసరు పోయడం, చంటిబిడ్డ తల్లి పాలు పిండడం మానేయండి. మంచినీళ్లతో కడిగి బయల్దేరండి, అంతే.

*ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటు రాలేదు. డిప్లొమా చేస్తే త్వరగా ఉద్యోగం అని మామయ్య, బీఎస్సీ ఆప్టోమెట్రీ చేయమని మేడమ్. ఏది చేస్తే సొంతంగా బోర్డు పెట్టుకోవచ్చు? పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా?*
*– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు*

చివరి ప్రశ్నకి ముందు చెబుతాను తల్లీ. రాసుకోవద్దు. నీ పేరు కింద "ఆప్టోమెట్రిస్ట్" అన్న మాట చాలు, అది చిన్న మాట కాదు. పేరు ముందు డాక్టర్ అని ఉంటే కన్ను ఎర్రబడిన రైతు నిన్ను చూసే ఆగిపోతాడు, వెళ్లాల్సిన చోటికి వెళ్లడు. పై ఉత్తరం మళ్లీ చదువు.

డిప్లొమా సాధారణంగా రెండేళ్లు. ఆసుపత్రిలో డాక్టరు పక్కన పనిచేయడానికి బాగా పనికొస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో "కళ్ల డాక్టరు" అని ఊరంతా పిలిచే ఆప్తాల్మిక్ ఆఫీసర్లలో చాలామంది ఇలాంటి చదువుతోనే వచ్చారు, వేలమందికి చూపు నిలబెట్టారు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు విజన్ టెక్నీషియన్లని ఏడాది శిక్షణతో తయారుచేసి ఊళ్లలోని విజన్ సెంటర్లలో కూర్చోబెట్టారు. ఏదీ తక్కువ కాదు. కానీ నీకు సొంతంగా కూర్చుని, పక్కన డాక్టరు లేకుండా, నీ సంతకంతో నంబరు రాయాలని ఉంటే డిగ్రీయే చెయ్యి. సాధారణంగా నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. కొత్త చట్టం కూడా చదివిన గంటలు లెక్క చూసి వేరు చేస్తుంది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులంటే 3,600 గంటలకి తక్కువ కాని డిగ్రీ ఉండాలి. అనుబంధ వృత్తివాళ్లకి 2,000 గంటలు.

చేరే ముందు కాలేజీకి వెళ్లి రెండు అడుగు. ఏ యూనివర్సిటీ అనుబంధం? ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, రోజుకి ఎంతమంది పేషెంట్లు? రెండోదానికి నీళ్లు నమిలితే వెనక్కి వచ్చెయ్. రెటినోస్కోపు చెయ్యి తిరగాలంటే వందల కళ్లు చూడాలి. కరెస్పాండెన్స్ కోర్సు అని ఎవరైనా అంటే వాళ్లతో మాటే వద్దు.

*నేను బి.ఆప్టమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ) చేసి కడపలో ఒక షాపులో చేస్తున్నాను. అమెరికాలో ఆప్టోమెట్రిస్టులు మందులు రాస్తారు, కొన్ని రాష్ట్రాల్లో లేజర్ కూడా చేస్తారు. ఇక్కడ మామూలు కళ్లకలకకి కూడా చుక్కలు రాయలేం. నాలుగేళ్లు చదివింది అద్దాలు అమ్మడానికేనా మేడమ్?*
*– ఒక ఆప్టోమెట్రిస్ట్, కడప*

నీ కోపం నాకు తెలుసు తమ్ముడూ. నేను కూడా పడ్డాను.

అమెరికా సంగతి నిజమే, కానీ పూర్తిగా చూడు. అక్కడ మిన్నెసోటా రాష్ట్రం 1901లోనే ఆప్టోమెట్రీకి చట్టం చేసింది. మందులు రాసే అనుమతి ఒక్కో రాష్ట్ర శాసనసభలో విడివిడిగా, దశాబ్దాలు పోరాడి తెచ్చుకున్నారు. లేజర్‌కి మొదట ఒప్పుకున్నది ఓక్లహోమా, 1998లో. ఇప్పటికీ చాలా రాష్ట్రాల్లో అనుమతి లేదు. కంటి డాక్టర్లకీ వాళ్లకీ అక్కడా గొడవే. ఇంకో సంగతి, అక్కడ మామూలు డిగ్రీ అయ్యాక మళ్లీ నాలుగేళ్లు ఆప్టోమెట్రీ డాక్టరేట్ చదువుతారు. మనం ఇంటర్ నుంచి నాలుగేళ్లు. వాళ్ల హక్కు కావాలంటే వాళ్లంత చదువు కూడా అడగాలి.

నాకు స్టెరాయిడ్ రాసే హక్కు వద్దు. లేజర్ వద్దు. కావాల్సింది వేరే ఉంది. అదేంటో చెప్పాలంటే నా మొదటి మూడేళ్లలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

బేతంచెర్ల నుంచి ఒకాయన వచ్చాడు. నాపరాళ్ల పని, 50 దాటిన వయసు. చేతివేళ్ల సందుల్లో రాతి పొడి తెల్లగా అలాగే ఉంది. ఎడమ కన్నుతో 6/9, అంటే చార్టులో కింది చిన్న అక్షరాలు, చదివాడు. కుడి కన్ను 6/36 దగ్గర, అంటే పైనున్న పెద్ద అక్షరాల దగ్గరే, ఆగింది. ఎన్ని అద్దాలు మార్చినా కదల్లేదు. పిన్‌హోల్, అంటే సన్నటి రంధ్రమున్న బిళ్ల, కంటి ముందు పెట్టాను, అప్పుడూ కదల్లేదు. పిన్‌హోల్‌తో మెరుగవలేదంటే తప్పు చాలావరకు నంబరులో లేదు, లోపలుంది. అది మాకు మొదట్లోనే నేర్పే పాఠం. యజమానికి చెప్పాను, పెద్దాసుపత్రికి పంపుదాం అని. "పంపితే అద్దాలు ఎవరు కొంటారమ్మా? సైట్ చూసేది ఫ్రీ, నీ జీతం ఫ్రేములో ఉంది" అన్నాడు. నేను పంపలేదు, అద్దాల నంబరే రాశాను. ఆయన అద్దాలు కొన్నాడు. ఏడాది దాటాక మళ్లీ వచ్చినప్పుడు తలుపు చట్రానికి భుజం కొట్టుకున్నాడు. పక్కన ఏముందో కనిపించడం లేదు. నీటికాసులు. పోయిన చూపు ఇక తిరిగిరాదు. నేను ఆ షాపు మానేసింది ఆ నెలలోనే. ఆ రోజు నేను పంపి ఉండాల్సింది. అందులో యజమాని తప్పు ఎంతుందో నా తప్పూ అంతే ఉంది.

అందుకే, నాకు కావాల్సింది పంపే హక్కు. యజమాని కాదన్నా నా రిజిస్టర్ నంబరు వేసి "వెంటనే డాక్టరుకి చూపించండి" అని రాసి ఇచ్చే హక్కు. రాయకపోతే నన్ను నిలదీసే కౌన్సిల్. నా చీటీ పట్టుకుని వెళ్లిన మనిషిని ఆసుపత్రిలో మళ్లీ మొదటి నుంచి లైన్లో నిలబెట్టకుండా లోపలికి పిలిచే పద్ధతి. పరీక్ష కోసం వేసే చుక్కలు, రంగు పట్టీ, కంటి ప్రెషర్ చూడటం, ఇవి శిక్షణ ఉన్న ఆప్టోమెట్రిస్టు చేతిలో ఉన్నాయని రూల్లో స్పష్టంగా రాయాలి. డాక్టరు లేని ఊర్లో నీటికాసుల్ని ముందే పట్టుకోగలిగేది నువ్వూ నేనే కదా. కళ్లకలకకి చుక్కలు రాయలేకపోతున్నావని బాధపడకు. కళ్లకలక అనుకున్న ఎరుపుల్లో ఏది కళ్లకలక కాదో చెప్పగలిగితే నీ నాలుగేళ్ల చదువు అక్కడ పనిచేసినట్టే.

ఈ వారం నీ షాపులో ఒక పని చెయ్యి. పంపే చీటీల పుస్తకం ఒకటి అచ్చు వేయించు, కార్బన్ కాపీతో. ఎవర్ని, ఎందుకు, ఎక్కడికి పంపావో రాసి పెట్టు. రేపు ఎవరైనా లెక్క అడిగితే నీ పని అందులో కనిపిస్తుంది.

*కర్నూలు పాతబస్తీలో మా తాత కాలం నుంచి కళ్లద్దాల షాపు. నాకు సర్టిఫికెట్టు లేదు, చేతి పని ఉంది. ఇప్పుడు కొత్త చట్టం అంటున్నారు. షాపు మూసుకోవాలా?*
*– ఒక షాపు యజమాని, వయసు 61*

మూసుకోవద్దన్నా. ఆసుపత్రి నుంచి నేను రాసి పంపే చీటీలు మీలాంటివాళ్ల చేతుల్లోకే వస్తాయి. సిలిండర్ అద్దాన్ని (ఒక దిశలోనే పవర్ ఉండేది) యాక్సిస్, అంటే రాసిన కోణం, తప్పకుండా బిగించడం, రెండు కంటిపాపల మధ్య దూరం కొలిచి అద్దం నడిబొడ్డు సరిగ్గా పాప ముందుకు తేవడం, బైఫోకల్ గీత ముసలాయన మెట్లు దిగేటప్పుడు అడ్డు రాకుండా దించడం, ఇవన్నీ చేతి పనితనమే. నంబరు సరిగ్గా రాసినా బిగింపు తప్పితే తలతిరుగుడే.

చట్టం మాట్లాడేది కన్ను పరీక్షించడం గురించి. అది మాత్రం మానేయండి, మిషన్ ఉన్నా సరే. వారానికి రెండు రోజులైనా చదువుకున్న ఆప్టోమెట్రిస్టుని కూర్చోబెట్టుకోండి. ఫ్రీ అనకుండా ఫీజు పెట్టండి, వంద రూపాయలైనా పర్వాలేదు. ఫీజు ఉంటే ఆ ఆప్టోమెట్రిస్టుకి అద్దం అమ్మాలన్న ఒత్తిడి ఉండదు, జబ్బున్న మనిషిని ధైర్యంగా పంపేస్తుంది. మిగతా రోజుల్లో సైట్ చూడమని ఎవరైనా వస్తే "శుక్రవారం రండి, మేడమ్ ఉంటారు" అని చెప్పండి. మీ మనవడికి ఈ పని మీద ఇష్టం ఉంటే ఆప్టోమెట్రీ చదివించండి. వివరాలు కావాలంటే పత్రిక చిరునామాకి నా పేరున రాయండి, ఇంటికొచ్చి మాట్లాడతాను.